సిలువ మీద తోడేలు

ఎజిదియో మాస్టారిని గురువారం సాయంత్రం ఐదూ ఇరవైకి నా ఆఫీసు గుమ్మంలోంచి వెనక్కి పంపేసింది నేనే. శనివారం మధ్యాహ్నం దాకా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కెప్టెన్ మొర్విల్లోకి చెప్పలేదు, ఇంట్లో నా భార్య ఎర్సీలియాకి చెప్పలేదు. శుక్రవారం ఉదయం పూజలో మోకరించినప్పుడు దేవుడికి కూడా సగమే చెప్పాను.

ఆ శుక్రవారమే ఏడూ పదికి టౌను హాలు బురుజు మెట్ల కింద మాస్టారి శవం కనిపించింది. పందొమ్మిది రాతి మెట్లు. పైన దస్తావేజుల గది. తల వెనక దెబ్బ. గురువారం సాయంత్రం ఆరుకీ ఆరున్నరకీ మధ్య పడి ఉంటాడని, వెంటనే ప్రాణం పోలేదని, అరగంటో గంటో బతికే ఉంటాడని డాక్టరు చెప్పాడు.

శనివారం ఒంటిగంటన్నరకి టౌను హాలు కాపలాదారు నజరేనోని కూర్చోబెట్టిన గదిలోకి వెళ్ళాను. శవాన్ని మొదట చూసింది వాడే. ఇప్పుడు వాడే దోషి అంటున్నాడు కెప్టెన్. నాలుగున్నరకి అంకోనా జైలుకి బండి. ఆ జైల్లోకి వెళ్ళినవాడు జడ్జి మొహం చూడ్డానికే ఆరు నెలలు పడుతుంది. ఇంట్లో నలుగురు పిల్లలు.

"గాస్పరన్నా, నా బెల్టు తీసుకున్నారు. ప్యాంటు పట్టుకుని నిలబడ్డం తప్ప ఇంకేం చెయ్యను?" అన్నాడు వాడు.

"నిజం చెప్పు. గురువారం ఆరింటికి దస్తావేజుల గదికి తాళం వేశానని రాసిచ్చావు. వేశావా?"

వాడు కిటికీ వైపు చూశాడు.

"నజరేనో, నేను కెప్టెన్ని కాను."

"వెయ్యలేదన్నా. ఐదున్నరకే వెళ్ళిపోయా. తాళంచెవి తలుపుకే ఉంది. తొన్నీనో కొట్టు వెనక బంతులాట. ఏడున్నర దాకా అక్కడే ఉన్నా. రెండు ఆటలూ ఓడిపోయా."

"చూసినవాళ్ళున్నారా?"

"పన్నెండు మంది. అందరూ నాలాగే డ్యూటీ ఎగ్గొట్టి వచ్చినవాళ్ళే. ఒక్కడు నోరు విప్పితే చూడు."

"మరి మాస్టారితో ఆ పొద్దున గొడవెందుకు?"

"స్టవ్ వెలిగించలేదని తిట్టాడు. మే నెలలో స్టవ్ ఏంటి మాస్టారూ అన్నా. మోకాలు సలుపుతోందిరా అన్నాడు. దానికి ఎవడైనా మనిషిని చంపుతాడా?"

మాస్టారి మోకాలి సంగతి ఊళ్ళో అందరికంటే నాకే బాగా తెలుసు. ఆరేళ్ళుగా ఆ పందొమ్మిది మెట్లూ ఆయన నా భుజం పట్టుకునే ఎక్కేవాడు. నేను మునిసిపల్ గార్డుల అధికారిని. నా ఆఫీసు ఆ మెట్ల పక్కనే. "గాస్పరే, ఒక్కసారి భుజం అరువివ్వు" అని పిలిచేవాడు.

ఆయన అక్కడ రాస్తున్నది రనాల్దెస్కి దొరల చరిత్ర. మా మోంతెరాసోని ఐదు వందల ఏళ్ళు నడిపిన కుటుంబం. పోపుల కాలంలో ఊరిపెద్దలు తొమ్మిది మంది, ఇటలీ ఒక దేశమయ్యాక ఒక సెనేటరు, ఫాసిస్టుల కాలంలో నియమిత పాలకుడిగా లుదొవీకో దొర. ఇప్పుడు ఆయన కొడుకు ఉబాల్దో దొర సెనేటుకి పోటీ చేస్తున్నాడు. ఆదివారం, అంటే మర్నాడే, టౌను హాలు గోడకి లుదొవీకో దొర పేరున పాలరాతి పలక. పందొమ్మిది వందల నలభై నాలుగు జూన్‌లో జర్మన్లు ఏడుగుర్ని కాల్చడానికి పట్టుకున్నప్పుడు, వాళ్ళకి బదులు నన్ను కాల్చండి అని ఆయన ఎదురెళ్ళాడని దాని మీద చెక్కారు. ఆ ఏడుగురిలో ఒకడు మాస్టారి ఒక్కగానొక్క కొడుకు తుల్లియో.

నజరేనో కాగితం మీద కొత్తగా సంతకం పెట్టాడు. నేను కెప్టెన్ దగ్గరికి వెళ్ళాను.

కెప్టెన్ మొర్విల్లో మేయరు కుర్చీలో కూర్చుని నారింజ ఒలుస్తున్నాడు. అంకోనా నుంచి వచ్చిన కారబినియేరి, అంటే సైనిక పోలీసు, అధికారి. బూట్లలో మొహం చూసుకోవచ్చు.

"బంతులాటా?" అన్నాడు చదివి. "నిన్న ఒకటి చెప్పాడు, ఇవాళ ఒకటి చెప్తున్నాడు. అబద్ధం ఆడేవాడే దోషి. నీకు తెలీదులే. నీది సైకిళ్ళకి జరిమానా చీటీలు రాసే ఉద్యోగం."

"రాస్తానండి. మీ జీపుకి కూడా ఒకటి రాశాను. చర్చి మెట్ల మీద పెట్టారు."

ఆయన నారింజ తొన పక్కన పెట్టాడు. "దస్తావేజుల గదిలో విలువైంది ఏముంది? మూడు తాళాల పెట్టె. అది చెక్కుచెదరలేదు. మూడు తాళంచెవులూ ముగ్గురి దగ్గర ఉంటాయి. దొరల కుటుంబం, మేయరు, చర్చి ఫాదరు. ముగ్గురూ కలిస్తే తప్ప తెరుచుకోదు. కాబట్టి దొంగతనం కాదు, తాగుబోతు గొడవ. అంతే."

"పెట్టెని ఎవరైనా చూశారా?"

"తాళాలు లాగి చూశాం. గట్టిగా ఉన్నాయి."

"మాస్టారి భార్యని అడిగారా?"

"ముసలావిడ ఏడుస్తూ కూర్చుంది. ఏం అడుగుతాం? నువ్వు అడిగావా?"

నేనూ అడగలేదు. మాస్టారి భార్య ఇనేస్ అమ్మగారి ఇంటి ముందునుంచి వెళ్ళాల్సి వస్తుందని రెండ్రోజులుగా చుట్టుదారిన ఇంటికి వెళ్తున్నాను. ప్రతి ఈస్టరుకీ ఆవిడ నాకు జున్ను రొట్టె చేసి పంపుతుంది. తుల్లియోని చివరగా చూసింది నేనని, ఆ తెల్లవారుజామున చలికి నా కోటు తీసి వాడికి ఇచ్చానని. పద్నాలుగు ఈస్టర్లు ఆ రొట్టె తిన్నాను. ఒక్కసారీ రుచి తెలియలేదు.

రెండూ పదికి మెట్లెక్కాను.

గది చిన్నది. గోడ పొడుగునా బీరువాలు, మధ్యలో బల్ల, మూల ఆ పెట్టె. వాల్‌నట్ చెక్క, ఇనప పట్టీలు. ముందు వైపు మూడు తాళాలు ముక్కోణంగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో ఇనప రేకు మూత. దొరల మూత మీద తోడేలు, ఊరి మూత మీద బురుజు, చర్చి మూత మీద సిలువ. మూతలు అంచుల దగ్గర ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. ఏది చివర మూస్తే అది పైన ఉంటుంది.

గురువారం పొద్దున పదకొండింటికి మాస్టారి కోసం ఆ పెట్టె తెరిచినప్పుడు నేను అక్కడే ఉన్నాను. వెండి పిడి కర్ర పట్టుకుని నిలబడి వరస కేకెయ్యడం గార్డుల పని. మూసేటప్పుడు మొదట కుటుంబం, తర్వాత ఊరు, చివర చర్చి. పదిహేను వందల చిల్లర కాలం నాటి శాసనంలో అలాగే ఉంది. అధికారం మీద చివరి మాట దేవుడిది అని. నేను కేకేశాను, దొరల పేష్కారు వేశాడు, మేయరు వేశాడు, చర్చి ఫాదరు డోన్ చెలెస్తినో వేశాడు. సిలువ పైన ఉంది. నా కళ్ళతో చూశాను.

ఇప్పుడు పైన తోడేలు ఉంది.

వంగి చూశాను. వేలు పెట్టలేదు. సిలువ అంచు తోడేలు రేకు కింద సగం దాగి ఉంది. గురువారం మధ్యాహ్నం తర్వాత ఎవరో ఈ పెట్టె తెరిచారు. మళ్ళీ మూడు తాళాలూ వేశారు. పద్ధతి తెలిసినవాళ్ళయితే ఈ పొరపాటు చెయ్యరు. పద్ధతి తెలియనివాళ్ళయితే మూడు తాళాలూ అంత జాగ్రత్తగా వేసి, మూతలన్నీ దించి వెళ్ళరు. ఎవరికో ఒక పద్ధతి తెలుసు. కాని అది ఈ ఊరి పద్ధతి కాదు.

బల్ల మీద మాస్టారి రాత పుస్తకం గురువారం తేదీ దగ్గర తెరిచి ఉంది. "కట్ట నం. 44, లుదొవీకో దొర కార్యాలయం, జూన్" అని ఒక్క వాక్యం. కింద ఖాళీ. కట్టలు బల్ల మీద ఏవీ లేవు. చూసిన కట్టల్ని పెట్టెలో పెట్టించాకే ఆయన ఇంటికి వెళ్ళాడు. ఒక్క కాగితం జేబులో పెట్టుకుని ఉండాలి. అది శవం మీద దొరకలేదు.

ఆ కాగితం ఏమిటో నాకు తెలియదు. తెలియదు అని గట్టిగా అనుకున్నాను.

డోన్ చెలెస్తినోకి ఎనభై ఒకటి. చూపు దాదాపు పోయింది. చర్చి వెనక వస్త్రాల గదిలో రేపటి పలక పండగకి బంగారు అంగీ దులుపుతున్నాడు.

"మీ తాళంచెవి ఎక్కడుంటుంది ఫాదర్ గారూ?"

"ఆ మేకుకి. యాభై ఏళ్ళుగా ఆ మేకుకే. తడిమి చూడు."

"గురువారం సాయంత్రం జపమాల ఎవరు చెప్పించారు?"

"మే నెలంతా ఎలెయొనోర దొరసానే కదా. సరిగ్గా ఆరింటికి మొదలు. కాని ఆ రోజు జపమాల ఐదు రహస్యాల్లో రెండోదాని దగ్గర గొంతు మారింది. పేష్కారు భార్య అందుకుంది. దొరసానికి తలనొప్పిట."

"రెండో రహస్యం అంటే ఆరూ ఎనిమిది, పది. మళ్ళీ వచ్చారా?"

"చివరి పాటకి వచ్చింది. పక్కనుంచి వెళ్తుంటే ఊపిరి వినిపించింది. మెట్లెక్కి దిగిన ఊపిరి." ఆయన అంగీ మడతపెట్టడం ఆపాడు. "గాస్పరే, ఏం అడుగుతున్నావు నువ్వు?"

"పాట ఎన్నింటికి?"

"ఆరూ ముప్ఫై ఐదు. పాటయ్యాక నేను గంట కొట్టించా."

వస్త్రాల గదిలోంచి టౌను హాలు బురుజు మెట్లకి ఒక చిన్న దారి ఉంది. పూర్వం దొరలు వర్షంలో తడవకుండా పూజ నుంచి సభకి నడవడానికి కట్టించుకున్నది. తలుపు గొళ్ళెం ఇటువైపే. మేయరు తాళంచెవి ఆయన గదిలో పటం కింద వేలాడుతుందని ఊరంతటికీ తెలుసు.

"మాస్టారు గురువారం చర్చికి వచ్చాడా?"

"వచ్చాడు. ఆరుకి పది నిమిషాల ముందు. కర్ర చప్పుడు. దొరసాని బల్ల దగ్గర ఆగాడు. 'పైన ఉంటాను' అన్నాడు. ఆ మాటే విన్నా." ఆయన నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "ఒక్కడే వచ్చాడు. నువ్వు ఎప్పుడూ పక్కన ఉంటావు కదా, ఇవాళ లేడేమిటా అనుకున్నా."

మూడూ ఐదుకి దొరల భవనం మెట్లెక్కాను. ఆ ఇంట్లో నేను ఎప్పుడూ కుర్చీలో కూర్చోలేదు.

"కూర్చో గాస్పరే" అంది ఎలెయొనోర దొరసాని. లుదొవీకో దొర భార్య, ఉబాల్దో దొర తల్లి. అరవై ఆరేళ్ళు. నడుం నిటారు. నడుముకి వెండి గొలుసు, దానికి తాళంచెవి. "నిలబడే ఉంటావు, తెలుసు. అలవాటుగా అంటాను. మీ అమ్మాయి సిస్టర్ల బడిలో బాగా చదువుతోందా?"

"మీ దయ అమ్మగారూ."

"నా దయ కాదు, ఒక ఉత్తరం రాశానంతే. ఏమిటి పని? పేష్కారు అంకోనా వెళ్ళాడు, ఉబాల్దోని తీసుకురావడానికి. గురువారం రాత్రి అక్కడ వాడి సభకి రెండు వేల మంది వచ్చారట."

"గురువారం సాయంత్రం జపమాల మధ్యలో ఎందుకు లేచారమ్మా?"

ఆవిడ కనుబొమ్మ కూడా కదల్లేదు. "తలనొప్పి. తోటలో కూర్చున్నా. నువ్వు నన్ను విచారిస్తున్నావా, నీ టోపీ చేత్తో పట్టుకుని?"

"అవునండి."

"మీ నాన్న ఇదే గదిలో మా మామగారి చెయ్యి ముద్దు పెట్టుకుని ఉద్యోగం అడిగాడు. చెప్పాడా ఎప్పుడైనా?"

"చెప్పలేదండి. సిగ్గుపడి ఉంటాడు."

ఆవిడ వెనక గోడ నిండా ఒక వర్ణచిత్రం. చిన్నప్పుడు నాన్నతో వచ్చినప్పుడు చూశాను కాని, ఇలా ఎప్పుడూ చూడలేదు. మూడు వందల యాభై ఏళ్ళ కిందటి రనాల్దెస్కి ఒకడు, ఎర్ర అంగీతో, అదే పెట్టె మీదికి వంగి తాళం వేస్తున్నాడు. బిషపూ ఊరిపెద్దా అప్పటికే తమ తాళాలు వేసేసి, పక్కకి జరిగి, చేతులు కట్టుకుని ఆయన్ని చూస్తున్నారు. చిత్రకారుడికి డబ్బిచ్చింది దొరలు. అందుకని చివరి తాళం దొరలది.

పెట్టె మీద నేను చూసిన వరస కూడా ఇదే.

"అమ్మగారూ, ఆ పెట్టె మూయడం మీరెప్పుడైనా చూశారా?"

"ఆ గదిలోకి ఆడవాళ్ళని రానిస్తారా? నలభై నాలుగేళ్ళుగా నేను చూస్తున్నది ఈ బొమ్మనే." ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. "ఈ ఇంట్లో ఒక్క గొప్ప ఉంది గాస్పరే. మంచివాళ్ళు పుట్టారు, చెడ్డవాళ్ళు పుట్టారు. కాని ఊరి ముద్ర ఉన్న కాగితాన్ని మావాళ్ళు ఏ ఒక్కరూ కాల్చలేదు. మాకు వ్యతిరేకంగా ఉన్నవి కూడా. ఎజిదియో పుస్తకంలో అది మొదటి పేజీలో రాశాడు."

కాల్చలేదు. అంటే ఆ కాగితం పోలేదు. దాన్ని పెట్టెలోంచి తియ్యడానికి కాదు, పెట్టెలో తిరిగి పెట్టడానికి తెరిచారు.

"మూడూ నలభైకి పెట్టె తెరుస్తున్నామండి" అన్నాను. "మూతలు వరసలో లేకపోతే పొద్దుగుంకేలోగా ముగ్గుర్నీ పిలిచే హక్కు కర్ర పట్టినవాడికి శాసనం ఇచ్చింది. పేష్కారు లేడు కాబట్టి మీరే రావాలి."

ఆవిడ నడుం దగ్గరి తాళంచెవి చేత్తో పట్టుకుంది. "నువ్వు తెరవమంటున్నావా? నువ్వు?" అంది.

ఆ 'నువ్వు' ఎందుకు రెండుసార్లు అందో నాకు మెట్లు దిగుతుంటే అర్థమైంది. కాళ్ళు ఆగాయి. వెనక్కి వెళ్ళి, పొరపాటైంది అమ్మగారూ అని చెప్పొచ్చు. నజరేనో బండెక్కుతాడు. ఆరు నెలల్లో ఎవరో ఒక జడ్జి వదిలేస్తాడు. ఇలాంటి లెక్క నేను వెయ్యడం మొదటిసారి కాదు. మెట్టు మీద నిలబడి ఒక పరలోక జపం చెప్పుకున్నాను. కాళ్ళు కిందికే నడిచాయి.

మూడూ నలభైకి అందరం దస్తావేజుల గదిలో ఉన్నాం. మేయరు ఒరెస్తె మాటిమాటికీ మెడ తుడుచుకుంటున్నాడు. నజరేనోని ఇద్దరు జవాన్లు పట్టుకున్నారు. వాడు ప్యాంటు పట్టుకున్నాడు. తలుపు దగ్గర దొరసాని ఆగితే డోన్ చెలెస్తినో అన్నాడు: "శాసనంలో కుటుంబం అని ఉందమ్మా, మగవాళ్ళు అని లేదు. మగవాళ్ళు తర్వాత కలుపుకున్నారు."

"ముందు మూతలు చూడండి" అన్నాను.

మేయరు చూశాడు. "నేను గమనించలేదు గాస్పరే. ఏది పైన ఉండాలో... నాకెప్పుడూ గుర్తుండదు" అన్నాడు దొరసాని వైపు చూడకుండా.

ఫాదరు వేళ్ళతో తడిమాడు. "వరస మారింది. గురువారం మేం మూసినట్టు లేదు."

"ఎనభై ఏళ్ళాయన వేళ్ళ సాక్ష్యం" అన్నాడు కెప్టెన్ వాచీ చూసుకుంటూ. "కానివ్వండి."

మూడు తాళాలూ తెరిచారు. కట్టలన్నీ ఎర్ర దారంతో కట్టి వరసగా ఉన్నాయి. వాటి పైన, ఏ కట్టలోనూ లేకుండా, నాలుగు మడతల కాగితం ఒకటి. కెప్టెన్ తీసి వెలుగులోకి పట్టుకున్నాడు. మొదటి లైను మామూలుగా చదివాడు. తర్వాత గొంతు తగ్గింది.

"జూన్ పదిహేడు, నలభై నాలుగు. కూడలిలో పట్టుబడినవారు. ఏడు పేర్లు. మూడో పేరు రనాల్దెస్కి ఉబాల్దో. కొట్టేసి ఉంది. దాని పైన వేరే పేరు. బ్రందోని తుల్లియో. కింద లుదొవీకో రనాల్దెస్కి సంతకం, ఊరి ముద్ర."

మేయరు మెడ తుడుచుకోవడం ఆపాడు.

"ఇంకా ఉంది" అన్నాడు కెప్టెన్. "'గార్డు వెళ్ళి తీసుకురావలెను, ఐదూ ఇరవై.' దాని కింద: 'తీసుకువచ్చాను, ఐదూ నలభై ఐదు. మొందాయిని గాస్పరె.'" ఆయన తలెత్తాడు. "ఈ మొందాయిని ఎవరు?"

"నేనేనండి."

నజరేనో ప్యాంటు వదిలేసి నా వైపు చూశాడు. మళ్ళీ పట్టుకున్నాడు.

నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. లుదొవీకో దొర ఆ తెల్లవారుజామున టౌను హాలు మెట్ల మీద నన్ను పిలిచి, జర్మన్ మాట్లాడేవాడు కావాలి, మాస్టారి అబ్బాయికి వచ్చు కదా, తీసుకురా అన్నాడు. ఒక కాగితం మడిచి, కింది చివర మాత్రం చూపించి సంతకం పెట్టించుకున్నాడు. నేను తలుపు కొట్టాను. తుల్లియో బూట్ల లేసులు కట్టుకోకుండానే వచ్చాడు. ఎనిమిదింటికి ఏడుగురినీ కాల్చేశారు. తర్వాత ఇనేస్ అమ్మగారు అడిగితే జర్మన్ల ఆజ్ఞ అన్నాను. దొర అని చెప్పలేదు. మోసం జరిగిందని తెలియదు. కాని అడగలేదు కూడా. అడగకపోవడం ఏ పాపం కిందికి వస్తుందో పద్నాలుగేళ్ళుగా తేల్చుకోలేకపోయాను. గురువారం మాస్టారు గుమ్మంలో నిలబడి, "గాస్పరే, ఆ రోజు నిన్ను మా ఇంటికి పంపింది ఎవరు?" అన్నాడు. "ఇప్పుడు పనుంది మాస్టారూ, సోమవారం రండి" అన్నాను. నా బల్ల మీద పనేమీ లేదు.

ఇదంతా అక్కడే చెప్పాను. కర్ర పట్టుకుని చెప్పాను.

కెప్టెన్ మొహంలో మెల్లగా ఒక తృప్తి వచ్చింది. "అయితే మాస్టారి నోరు మూయించాల్సిన అవసరం అందరికంటే నీకే ఉంది. చివరగా మాట్లాడింది నువ్వు. నీ ఆఫీసు మెట్ల పక్కనే. నాలుగున్నర బండిలో కాపలాదారుకి ఉంచిన చోటు నీకు సరిపోతుంది."

"సరిపోతుందండి. ముందు పెట్టె మూయాలి. తెరిచి ఉంచకూడదు."

"మూయండి, ఏం మూస్తారో."

నేను కర్ర నేలకి ఆనించాను. వరస కేకెయ్యాలి. కేకెయ్యలేదు.

మేయరు అలవాటుగా నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. డోన్ చెలెస్తినో తాళంచెవి పట్టుకుని, తన వంతు చివరిది కాబట్టి కదలకుండా ఉన్నాడు. మేయరు, తన ముందు కుటుంబం వెయ్యాలి కాబట్టి ఆగాడు. దొరసాని కూడా ఆగింది. చేతులు కట్టుకుని, ఎదురుచూస్తూ. కింద వీధిలో ఎవరో పలక కోసం నిచ్చెన ఈడ్చుకెళ్తున్న చప్పుడు.

"ఫాదర్ గారూ, కానివ్వండి" అంది దొరసాని చివరికి, కొంచెం విసుగ్గా. "మీరిద్దరూ వేస్తే కదా. మాది చివర."

డోన్ చెలెస్తినో గుడ్డి కళ్ళు ఆవిడ గొంతు వైపు తిరిగాయి.

"అలా అని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరో చెప్పడమేమిటి? ఎప్పుడూ అంతే. మా ఇంట్లో..." అక్కడ ఆగిపోయింది. వంగి, తెరిచి ఉన్న మూడు మూతల వైపు చూసింది. తోడేలు, బురుజు, సిలువ. ఆవిడ చదువుకున్న మనిషి. నేను వివరించాల్సిన పని లేకపోయింది. కెప్టెన్‌కి మాత్రం రెండు వాక్యాల్లో చెప్పాను, వర్ణచిత్రం సంగతి. ఆయన మేయరుని అడిగాడు. మేయరు నేల చూస్తూ, "కుటుంబం మొదటండి. నాకు గుర్తుంది. ఇందాక కూడా గుర్తుంది" అన్నాడు.

దొరసాని మాస్టారి కుర్చీలో కూర్చుంది. ఆ గదిలో అదొక్కటే కుర్చీ.

"కాగితం ఇవ్వమన్నాను" అంది. "ఆదివారం దాకా ఆగు ఎజిదియో, పలక అయిపోనీ, తర్వాత నీ ఇష్టం అన్నాను. పట్టుకుని లాగాను. ఆయన వదల్లేదు. ఇద్దరం మెట్ల మీద, ముసలివాళ్ళం, చంటిపిల్లల్లా. తర్వాత ఆయన వదిలేశాడు."

"తోశారా?" అన్నాడు కెప్టెన్.

"వదిలేశాడు అన్నాను. కాగితం చిరిగిపోతుందని వదిలేశాడు." ఆవిడ చేతులు చూసుకుంది. "కింద పడ్డాక ఒకసారి పిలిచాడు. నన్ను కాదు. నేను తాళంచెవులు తెచ్చి దీన్ని దాచాను. కాల్చలేకపోయాను. తర్వాత వెళ్ళి చివరి పాట పాడాను."

డోన్ చెలెస్తినో గోడకి ఆనుకున్నాడు. నజరేనో ఏడవడం మొదలుపెట్టాడు. వాడికి ఎవరో బెల్టు ఇచ్చారు.

నాలుగూ ఇరవైకి మెట్ల కింద కెప్టెన్ నన్ను పక్కకి పిలిచాడు. మొదటిసారి 'మీరు' అన్నాడు.

"చూడండి, ఈ కింది రెండు లైన్లు కేసుకి అక్కర్లేదు. అంచు పాతబడి ఉంది. చిరిగిపోయిందంటే ఎవరూ అడగరు. మీకు ఉద్యోగం ఉంది, కూతురుంది. నేను కూడా రెండ్రోజులు తప్పుడు మనిషిని పట్టుకున్నాను. ఇద్దరం మర్చిపోదాం."

"ఊరి ముద్ర ఉన్న కాగితం చించకూడదండి" అన్నాను.

అక్కణ్ణుంచి చుట్టుదారిన వెళ్ళలేదు. ఇనేస్ అమ్మగారి తలుపు తెరిచే ఉంది. వంటింటి బల్ల మీద రెండు కప్పులు బోర్లించి ఉన్నాయి. ఆవిడ కళ్ళు ఎండిపోయి ఉన్నాయి.

"రా గాస్పరే. రెండ్రోజులుగా ఎదురుచూస్తున్నా. ఆ కెప్టెన్ వచ్చాడు, ఓదార్చాడు, పోయాడు. ఏమీ అడగలేదు. నువ్వైనా వస్తావని."

టోపీ తీశాను. "అమ్మగారూ, తుల్లియోని ఆ రోజు..." అన్నాను.

"తెలుసు. కాగితం చూపించారు నాకు, గురువారం మధ్యాహ్నం. నీ సంతకం కూడా చూశా. ఆయనే అన్నారు, గాస్పరెకి తెలీదు, వాణ్ణి కూడా మోసం చేశారు అని." ఆవిడ ఒక కప్పు తిప్పి నా ముందు పెట్టింది. "ఐదింటికి బయల్దేరుతూ చెప్పారు. ముందు నీ దగ్గరికి వస్తానన్నారు. నువ్వు పక్కన ఉంటే దొరసానితో ధైర్యంగా మాట్లాడగలనని. అదీకాక ఆ మెట్లు ఒక్కణ్ణే ఎక్కలేను, వాడి భుజం పట్టుకుంటానని."

కాఫీ కూజా ఎత్తిన చెయ్యి మధ్యలో ఆగింది.

"మరి నువ్వు వెళ్ళలేదా గాస్పరే?"